డక్ట్ క్లీనింగ్ చేయించాలా? హీట్ వేసినప్పటి నుంచి ఇల్లంతా దుమ్ము

ఎడిసన్_పద్మ
న్యూజెర్సీలో 1984లో కట్టిన ఇల్లు మాది, వేసవిలో కొనుక్కుని దిగాం. ఇంటిని వేడి చేసే గ్యాస్ ఫర్నెస్ బేస్‌మెంట్‌లో ఉంది. వేడిగాలి డక్టుల (గాలి గొట్టాల) గుండా నేలలో ఉన్న వెంట్లలోంచి వస్తుంది. చలి మొదలై హీట్ వేయగానే ఇల్లంతా కాలిన వాసన. సాయంత్రానికి వాసన పోయింది గానీ దుమ్ము మాత్రం పోవడం లేదు. పొద్దున టీవీ స్టాండ్ తుడిస్తే రాత్రికి దాని మీద వేలితో పేరు రాయొచ్చు. బాబు నిద్ర లేస్తూనే తుమ్ములు.

హాల్లో ఒక వెంట్ మీద గ్రిల్ తీసి ఫోన్ లైట్ వేసి చూశాను. రేకు అడుగున బూడిదరంగు దుమ్ము పేరుకుపోయి ఉంది, కొనతో పట్టుకుని లాగితే పాల మీద తొరకలా మొత్తం ఊడి వస్తోంది. అందులో కుక్క వెంట్రుకలు (మాకు కుక్క లేదు, పాత ఓనర్లకు ఉండేదట), రెండు క్రేయాన్ ముక్కలు, ఒక పెన్నీ, ఎండిపోయిన సీరియల్.

పోస్టులో ఒక కూపన్ వచ్చింది, ఇల్లంతా 99 డాలర్లని. ఇంకొకాయన వచ్చి ఇల్లు చూసి 780 అన్నాడు. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ "రాత్రంతా పిల్లాడు పీల్చేది ఈ గాలే కదే, డబ్బు చూసుకోకు" అంటోంది. మావారేమో అదంతా దండగ అంటున్నారు. చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, తేడా తెలిసిందా?

ఫ్రిస్కో_నాన్న
ముందు ఫిల్టర్ సంగతి చెప్పండి. ఎప్పుడు మార్చారు, ఏ సైజు, మెర్వ్ (ఎంత సన్నటి దుమ్మును పట్టుకుంటుందో చెప్పే అంకె) ఎంత? దుమ్ము గురించి ఇక్కడ వచ్చే ప్రశ్నలు చాలావరకు అక్కడే తేలిపోతాయి.

కాకినాడ_కాజా
ఆ 99 డాలర్ల కూపన్ చెత్తబుట్టలో వేయండి. మా పక్కింట్లో జరిగింది చెప్తున్నా. ఇద్దరు కుర్రాళ్లు చిన్న వ్యాక్యూమ్ పట్టుకుని వచ్చారు. 99 అంటే కొన్ని వెంట్లకేనట, మిగతావాటికి ఒక్కోదానికి అదనం. రిటర్న్ వేరే, మెయిన్ లైన్ వేరే. అరగంట గడిచాక ఫోన్‌లో ఒక ఫోటో చూపించి "బ్లాక్ మోల్డ్ సార్, పిల్లలున్న ఇల్లు" అని బెదరగొట్టి 1,600 బిల్లు చేతిలో పెట్టారు. ఆ ఫోటో వాళ్ల ఇంట్లో తీసిందో కాదో ఆ దేవుడికే తెలియాలి.

బ్రాంప్టన్_బావ
కెనడాలో ఈ డక్ట్ క్లీనింగ్ ఫోన్లు సరిగ్గా అన్నం ముందు కూర్చునే వేళకే వస్తాయి. ఒక నంబర్ బ్లాక్ చేస్తే ఇంకో నంబర్‌తో చేస్తారు. ఎవరైనా ఫోన్ చేసి మరీ డక్ట్ క్లీనింగ్ అమ్ముతున్నారంటే అక్కడితో పెట్టేయండి.

ఇంకో మాట. ఇక్కడి ప్రభుత్వ గృహ సంస్థ సీఎంహెచ్‌సీ ఈ విషయం మీద ఇళ్లలో పరిశోధన చేయించింది. డక్టులు శుభ్రం చేయించినంత మాత్రాన పీల్చే గాలి మారిపోవడం, హీటింగ్ బిల్లు చెప్పుకోదగ్గంత తగ్గడం మామూలుగా జరగదని తేల్చింది. పద్మ గారి వారు అన్నదాంట్లో కొంత నిజముంది.

ఓరుగల్లు_పిల్ల
నేను ఒప్పుకోను. మాకు తేడా బాగా తెలిసింది. షార్లెట్ దగ్గర కొత్త ఇల్లు, దిగిన మొదటి చలికాలం అంతా తెల్లటి పొడి. సోఫా మీద, దేవుడి పటాల మీద, ఎక్కడ చూసినా అదే. చివరికి మంచి కంపెనీని పిలిపిస్తే డక్టుల్లోంచి డ్రైవాల్ పొడి, రంపపు పొట్టు, మేకులు, ఒక నలిగిన సోడా డబ్బా తీశారు. ఆ తర్వాత తెల్ల పొడి లేదు. 650 అయింది, ఒక్క డాలర్ కూడా దండగ అనిపించలేదు.

బ్రాంప్టన్_బావ
@ఓరుగల్లు_పిల్ల మీది కట్టుబడి చెత్త. దాన్ని తీయాల్సిందే, ఎవరు కాదన్నారు? పద్మ గారిది నలభై ఏళ్ల ఇల్లు, అడుగున అతుక్కుని కదలకుండా ఉన్న పాత దుమ్ము. రెండూ ఒకటి కాదు.

ఓరుగల్లు_పిల్ల
కదలకుండా ఉందని మీకెట్లా తెలుసు అన్నా? ఆమె టీవీ స్టాండ్ మీద రోజూ పడుతున్నది ఎక్కడి నుంచి వస్తోంది మరి?

మిషిగన్_మెకానికల్
ఆ ప్రశ్నకే జవాబు వెతకాలి. నేను ఈ రంగంలోనే ఉన్నాను, కాస్త వివరంగా రాస్తాను.

మీ ఇంట్లో రెండు రకాల డక్టులుంటాయి. ఒకటి సప్లై, ఫర్నెస్ నుంచి వేడిగాలిని గదుల్లోకి తోసేది. రెండోది రిటర్న్, గదుల్లోని గాలిని తిరిగి ఫర్నెస్‌కి లాక్కొచ్చేది. ఫిల్టర్ రిటర్న్ చివర, ఫర్నెస్‌లోకి పోయే ముందు ఉంటుంది. దుమ్ము ఎక్కువగా చేరేది రిటర్న్‌లోనే. అది గాలిని లాగుతుంది గనక ఇంట్లో బట్టల నూగు, చర్మపు పొట్టు, తివాచీ పొడి అంతా అందులోకే పోతుంది. ఫిల్టర్ సరిగ్గా ఉంటే అక్కడ ఆగిపోతుంది.

1980ల ఇళ్లలో రిటర్న్‌కి పూర్తిగా రేకు గొట్టం ఉండదు చాలాచోట్ల. పైఅంతస్తు దూలాల మధ్య ఉండే ఖాళీకి కింద ఒక రేకు కొట్టి, గోడలోని ఖాళీనే గొట్టంగా వాడేస్తారు. ఆ రేకు అంచుల్లో సందులు ఉంటే, రిటర్న్ హాల్లోని గాలితో పాటు బేస్‌మెంట్‌లోని గాలినీ, గోడల్లోని పాత పొడినీ కూడా లాక్కుంటుంది. అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ లెక్క ప్రకారం మామూలు ఇళ్లలో డక్టుల్లో నడిచే గాలిలో 20 నుంచి 30 శాతం సందుల్లో, ఊడిన అతుకుల్లో పోతుంది. సప్లైలో సందు ఉంటే వేడి పోతుంది. రిటర్న్‌లో సందు ఉంటే దుమ్ము వస్తుంది. ఇవాళ మొత్తం శుభ్రం చేయించినా ఆ సందులు అలాగే ఉంటే మళ్లీ చలికాలానికి కథ మామూలే.

కాబట్టి పద్మ గారూ, ఎవరినీ పిలవక ముందు మీరే చూడండి. ఫర్నెస్ పక్కన గోడకి లైట్ స్విచ్ లాంటిది ఉంటుంది, అది ఆపేయండి. ఫిల్టర్ బయటికి లాగండి. ఫిల్టర్ పక్కల ఖాళీ ఉందా చూడండి. ఫర్నెస్ కింది తలుపు తీస్తే బ్లోయర్ (గాలిని తోసే ఫ్యాన్) కనిపిస్తుంది, లోపల చక్రం రెక్కల మీద టార్చ్ వేయండి. రెక్కల లోతంతా దుమ్ము పట్టి ఉంటే ఫిల్టర్ పక్కనుంచి ఎన్నాళ్లుగానో గాలి దూరుతోందని అర్థం.

వాసన గురించి కంగారు వద్దు. వేసవంతా హీట్ ఎక్స్చేంజర్ (మంట వేడిని గాలికి అందించే లోహపు భాగం) మీద పడ్డ దుమ్ము మొదటి రోజు కాలుతుంది, కొన్ని గంటల్లో పోతుంది. పోకపోయినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా ఆపేసి మెకానిక్‌ని పిలవాలి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? ప్రతి పడకగది బయట, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి. పాత ఇంటి ఓనర్లు వదిలేసింది అయితే వెనక తేదీ చూడండి, వాటికి కూడా గడువు ఉంటుంది.

తులసికోట
మిషిగన్ అన్న చెప్పింది ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటించుకోవాలి.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ దీని మీద పెద్ద పత్రమే పెట్టింది, ఓపిగ్గా చదివాను. డక్ట్ క్లీనింగ్ వల్ల జబ్బులు రాకుండా ఆగుతాయని ఇంతవరకు రుజువు కాలేదని స్పష్టంగా రాశారు. ఏటా చేయించాలని చెప్పలేదు, అవసరమైతేనే అన్నారు. ఏవి అవసరం అంటే: రేకు లోపల గానీ ఫర్నెస్ భాగాల మీద గానీ కంటికి కనిపించేలా బూజు పెరిగితే, ఎలుకలూ పురుగులూ చేరితే, లేదా దుమ్ము, చెత్త బాగా అడ్డుపడి వెంట్లలోంచి నిజంగా గదిలోకి ఎగిరి వస్తుంటే. ఒక్కో సిస్టమ్‌కి 450 నుంచి 1,000 డాలర్ల దాకా అవుతుందని కూడా ఆ పత్రంలోనే ఉంది. ఆ లెక్కన 99కి ఎవరు ఏం చేసిపెడతారో ఆలోచించండి.

బూజు అని ఎవరైనా భయపెడితే, ఆ మరక మీద పారదర్శకంగా ఉండే టేప్ ముక్క అంటించి తీసి ల్యాబ్‌కి పంపొచ్చని, దాదాపు 50 డాలర్లకి అది బూజో కాదో చెప్తారని కూడా రాశారు. కాజా గారి పక్కింటివాళ్లకి ఈ సంగతి తెలిసి ఉంటే 1,600 మిగిలేవి.

పెన్నాతీరం
మా మామగారు నెల్లూరు నుంచి వచ్చి మొదటిసారి నేలలోంచి వేడిగాలి రావడం చూసి తడి తువ్వాలు దాని మీద ఆరేశారు. ఎవరు చెప్పినా వినలేదు. అరగంటలో ఆరిపోయింది, ఆయన ముఖం వెలిగిపోయింది 🙂

కాకినాడ_కాజా
మా అత్తగారు అప్పడాలు ఆరబెట్టారు.

ఎడిసన్_పద్మ
మిషిగన్ గారూ, చూశాను. ఫోటోలు పెడుతున్నాను.

ఫిల్టర్ స్లాట్ 20 బై 25. లోపల పెట్టి ఉన్న ఫిల్టర్ 16 బై 25! నాలుగు అంగుళాల ఖాళీ అలాగే వదిలేశారు. ఉన్న ఫిల్టర్ కూడా నల్లగా మారి మధ్యలో లోపలికి వంగిపోయింది. బ్లోయర్ రెక్కల మధ్య దుమ్ము దట్టంగా పట్టేసి, రెక్క వంపు కూడా కనబడటం లేదు. ఇంకా, వాషర్ డ్రయర్ పక్కన పైకప్పుకి కొట్టిన రేకు ఒక మూల ఊడి వేలాడుతోంది. దాని దగ్గర టిష్యూ కాగితం పెడితే టక్కున పైకి లాగేసింది.

మిషిగన్_మెకానికల్
దొరికాడు దొంగ. ఇంతకాలం బేస్‌మెంట్ గాలి, డ్రయర్ పక్కనున్న నూగు మొత్తం ఆ మూల నుంచి లోపలికి వెళ్లి, ఫిల్టర్ పక్కనున్న నాలుగు అంగుళాల్లోంచి తప్పించుకుని మీ టీవీ స్టాండ్ మీదికి చేరుతోంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. గ్యాస్ వాటర్ హీటర్ కూడా అదే గదిలో ఉంటే, రిటర్న్ అక్కడి గాలిని గట్టిగా లాగితే హీటర్ పొగ చిమ్నీలోకి పోకుండా వెనక్కి రావచ్చు. ఆ రేకు ఇవాళే బిగించండి. అంచులకి మాస్టిక్ పూయండి, పేస్టులా ఉంటుంది, బ్రష్‌తో పూయడమే. టేప్ వేస్తే యూఎల్ 181 (డక్టుల టేపులకి ఉండే ప్రమాణం) అని ముద్ర ఉన్న అల్యూమినియం ఫాయిల్ టేప్ మాత్రమే. గుడ్డ టేప్ వేయకండి, వేడికి జిగురు ఎండి ఊడిపోతుంది.

ఫ్రిస్కో_నాన్న
నేను ముందే అన్నాను, ఫిల్టర్!

పప్పుచారు
పద్మ గారూ, మెర్వ్ 13 తెచ్చి పెట్టేయండి, పని అయిపోతుంది.

మిషిగన్_మెకానికల్
@పప్పుచారు ఆగండి. మెర్వ్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని గుడ్డిగా పెట్టకూడదు. మెర్వ్ 8 ఫిల్టర్ 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) పైన ఉండే దుమ్ములో కనీసం 70 శాతం పట్టుకుంటుంది. మామూలు ఇంటి దుమ్ము, పుప్పొడి ఆ కోవలోవే. మెర్వ్ 13 ఇంకా సన్నదాన్ని, 0.3 నుంచి 1 మైక్రాన్ మధ్య ఉండేదాన్ని కూడా కనీసం సగం పట్టుకుంటుంది, కార్చిచ్చు పొగ వచ్చినప్పుడు అది ఎంతో మేలు. కానీ ఒక అంగుళం మందం ఉన్న మెర్వ్ 13 పాత ఫర్నెస్‌కి చాలాసార్లు ఊపిరాడనివ్వదు. గాలి తగ్గితే హీట్ ఎక్స్చేంజర్ వేడెక్కిపోయి లిమిట్ స్విచ్ (వేడి మితిమీరితే మంట ఆపేది) పడుతుంది, మంట ఆగుతుంది, మళ్లీ వెలుగుతుంది. అలా పదే పదే జరిగితే ఎక్స్చేంజర్ లోహానికి పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది.

ప్రస్తుతానికి సరైన సైజులో మెర్వ్ 8 గానీ 11 గానీ పెట్టండి. బాణం గుర్తు ఫర్నెస్ వైపు చూడాలి. తర్వాత వీలైతే నాలుగు అంగుళాల ఫిల్టర్ పట్టే పెట్టె పెట్టించుకోండి. మందం ఎక్కువ గనక లోపల మడతలు ఎక్కువ, గాలికి అడ్డు తక్కువ, నెలల తరబడి వస్తుంది.

పప్పుచారు
మా ఇంట్లో రెండేళ్లుగా ఒక అంగుళం 13 వాడుతున్నాం, ఏ ఇబ్బందీ లేదు.

మిషిగన్_మెకానికల్
ఉండకపోవచ్చు. మీ రిటర్న్ వెడల్పుగా ఉండి ఉంటుంది. ఎంత అడ్డుపడుతోందో మెకానిక్ మీటర్ పెట్టి కొలిస్తే తెలుస్తుంది. చాలా ఫర్నెస్‌లను 0.5 అంగుళాల నీటి మట్టం (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) దాటని ఒత్తిడికి డిజైన్ చేస్తారు. ఈసారి సర్వీసుకి వచ్చినప్పుడు అడగండి, ఐదు నిమిషాల పని.

కృష్ణాతీరం_అత్తయ్య
దుమ్ము సంగతి మీరంతా చెప్పారు, జిడ్డు సంగతి ఎవరూ చెప్పలేదు. మన వంట వేరు. ఆవాలు, ఎండుమిర్చి వేసి తిరగమోత పెడితే పొగ ఎక్కడికి పోతుంది? చాలా ఇళ్లలో పొయ్యి మీద ఉండే హుడ్ బయటికి పంపదు, జాలిలోంచి తిప్పి మళ్లీ మన ముఖం మీదికే వదులుతుంది. మా ఇంట్లో వంటగది పక్కన గోడలో రిటర్న్ గ్రిల్ ఉంది. దాని చువ్వలు పసుపు పచ్చగా జిడ్డు పట్టి, దుమ్ము అతుక్కుని, గుడ్డతో తుడిస్తే సాగేవి. గ్రిల్ విప్పి వేడినీళ్లలో గిన్నెల సబ్బు వేసి నానబెట్టి పళ్లు తోమే బ్రష్‌తో రుద్దితే గానీ పోలేదు. బయటికి గొట్టం ఉన్న హుడ్ పెట్టించాక ఆ జిడ్డు పట్టడం లేదు. డక్ట్ క్లీనింగ్‌కి పెట్టే డబ్బు దీనికి పెట్టండి అంటాను నేను.

ధూపం, అగరుబత్తి సంగతి కూడా అంతే. పూజ మానమని చెప్పను. గది తలుపు వేసుకుని, కిటికీ కొద్దిగా తెరిచి వెలిగించండి. నూనె దీపం వత్తి పొట్టిగా ఉంచితే మసి తక్కువ.

తులసికోట
అత్తయ్య గారు చెప్పింది పూర్తిగా నిజం. మా గోడల మీద స్టడ్స్ (గోడ లోపలి నిలువు చెక్కలు) ఉన్నచోట నల్ల గీతలు పడేవి. డక్టుల్లోంచి వస్తున్న మసి అనుకున్నాం. పూజగదిలో రోజంతా వెలిగే దీపానిదని తర్వాత తెలిసింది.

పిట్స్‌బర్గ్_గోపాలం
పాత ఇళ్లవాళ్లకి ఒక హెచ్చరిక. మాది 1950ల ఇల్లు. బేస్‌మెంట్‌లో డక్టుల అతుకుల మీద తెల్లటి కాగితం లాంటి టేప్ చుట్టి ఉంది, అంచులు చిరిగి నారలు కనిపించేవి. క్లీనింగ్‌కి వచ్చినతను మంచివాడు, చూసి ఆగిపోయాడు. "ముందు టెస్ట్ చేయించండి, నేను ముట్టుకోను" అన్నాడు. చేయిస్తే ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే ఖనిజ నార) అనే వచ్చింది. ఆ కాలంలో విరివిగా వాడేవారు. బ్రష్ పెట్టి రుద్దినా, పీకినా నారలు గాల్లోకి లేస్తాయి. మేం లైసెన్స్ ఉన్నవాళ్లతో దానిపై పూత వేయించి కప్పించేశాం. మీరే గీకేసి శుభ్రం చేద్దామని మాత్రం అనుకోకండి.

మిల్టన్‌కీన్స్_మూర్తి
ఇంగ్లండ్‌లో కూడా ఇదే సమస్య. ఇక్కడ ఎక్కువ ఇళ్లలో బాయిలర్, రేడియేటర్లు ఉంటాయి గానీ 1960, 70లలో కట్టిన ఇళ్లలో వార్మ్ ఎయిర్ ఉంటుంది. ఇంటి మధ్యలో ఒక అలమరలో యూనిట్, అక్కడి నుంచి నేల కింద, గోడల్లో డక్టులు. ఆ కాలపు అలమర పలకల్లో, డక్టుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అందుకే సర్వే చేయించకుండా ఏదీ కోయరు. ఇల్లు కొన్నప్పుడు అందరూ "పీకేసి రేడియేటర్లు పెట్టించు" అన్నారు. నాకైతే వేసిన ఐదు నిమిషాల్లో గది వెచ్చబడటం ఇష్టం, ఉంచేశాను. జాలి ఫిల్టర్ సింక్‌లో కడిగి ఆరబెట్టి పెడతాను, ఏటా సర్వీసు చేయిస్తాను. దుమ్ము ఇబ్బంది పెట్టలేదు.

ఓరుగల్లు_పిల్ల
సరే, నిజంగా క్లీనింగ్ అవసరమైతే మంచివాళ్లని ఎట్లా పట్టాలో కూడా రాయాలి కదా. మేం పిలిచినవాళ్లు ఏం చేశారో చెప్తా.

ట్రక్కులో పెద్ద వ్యాక్యూమ్ తెచ్చారు. ఫర్నెస్ దగ్గర మెయిన్ డక్ట్‌కి రంధ్రం కోసి లావుపాటి గొట్టం తగిలించారు. అన్ని వెంట్లూ మూసేసి, ఒక్కోటి తెరిచి, కంప్రెసర్ గాలి కొట్టే సన్న గొట్టం లోపలికి పంపి దుమ్మంతా వ్యాక్యూమ్ వైపు తోలారు. సప్లై అయ్యాక రిటర్న్. తర్వాత బ్లోయర్ బయటికి తీసి కడిగారు, ఏసీ కాయిల్ కూడా చూశారు. చివర్లో ఆ రంధ్రానికి రేకు బిళ్ల వేసి సీల్ చేశారు. పొద్దున వచ్చి మధ్యాహ్నం దాటాక వెళ్లారు. నాడ్కా అని ఈ పనివాళ్ల సంఘం ఉంది, అందులో సభ్యులా కాదా చూశాకే పిలిచాం. గంటలో అయిపోతుంది అనేవాళ్లు దుమ్ము కదిపి పోతారు తప్ప తీయరు.

ఫ్రిస్కో_నాన్న
టెక్సస్‌వాళ్లకి ఒక మాట. మన డక్టులు ఎక్కువగా రేకువి కావు, అటిక్‌లో (ఇంటి కప్పు కింద ఖాళీలో) ఉండే ఫ్లెక్స్, అంటే వంగే గొట్టాలు. లోపల సన్నటి ప్లాస్టిక్ పొర, దాని చుట్టూ తీగ. తిరిగే బ్రష్ గట్టిగా తోస్తే ఆ పొర చిరిగి వేడిగాలి అటిక్‌లోకి పోతుంది. ఫ్లెక్స్ మరీ పాడైతే కడిగించే కన్నా ఆ ముక్క మార్చడమే నయం.

మందు కొడతాం, సువాసన కొడతాం అంటే ఒద్దని చెప్పండి. ఫైబర్‌గ్లాస్ లైనింగ్ ఉన్న డక్టుల్లో వాడటానికి అలాంటి మందు దేనికీ ఈపీఏ అనుమతి లేదని తులసికోట గారు చెప్పిన పత్రంలోనే ఉంది. ఫైబర్‌గ్లాస్ తడిసి బూజు పడితే కడగడం కుదరదు, తీసి కొత్తది వేయాల్సిందే.

సాలూరు_సంపెంగ
మా డక్ట్ క్లీనింగ్‌లో నా పెళ్లినాటి జుంకా దొరికింది! పోయిందని ఏడ్చి ఊరుకున్నాను. క్లీనింగ్ డబ్బులు వచ్చేసినట్టే.

కాకినాడ_కాజా
ఈపీఏ పత్రంలో ఈ లాభం రాయలేదు 😀

ఎడిసన్_పద్మ
రేకు బిగించాం, మాస్టిక్ మావారే పూశారు. 20 బై 25 మెర్వ్ 11 పెట్టాం. మెకానిక్ వచ్చి బ్లోయర్ బయటికి తీసి శుభ్రం చేసి, మంట, పొగ గొట్టం అన్నీ పరీక్షించి 290 తీసుకున్నాడు. వెంట్ల గ్రిల్స్ అన్నీ విప్పి కడిగి, చెయ్యి అందినంత దూరం షాప్ వ్యాక్‌తో లాగేశాం. గాలి ముందు కన్నా గట్టిగా వస్తోంది, పైగది ఇప్పుడు వెచ్చగా ఉంటోంది. దుమ్ము సగానికి సగం తగ్గింది. 780 ఆయన్ని ప్రస్తుతానికి వద్దన్నాను.

కానీ బాబు తుమ్ములు పెద్దగా తగ్గలేదు. అమ్మ ఇంకా డక్టులే అంటోంది.

ఓరుగల్లు_పిల్ల
అమ్మ చెప్పేది కొట్టిపారేయకు అక్కా. లోపల ఇంకా పాత కుక్క వెంట్రుకలు ఉన్నాయి కదా. మా అన్నయ్య కొడుక్కి కుక్క అలెర్జీ ఉండేది, పాత కార్పెట్ తీసేసి డక్టులు చేయించాక బాగా తగ్గింది.

బ్రాంప్టన్_బావ
కార్పెట్, డక్టులు ఒకేసారి చేయిస్తే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది? నా ఓటు కార్పెట్‌కి.

ఓరుగల్లు_పిల్ల
మీ ఓటు మీది, పిల్లాడు బాగున్నాడు, మాకది చాలు.

డల్లాస్_డాక్టరమ్మ
పిల్లల డాక్టర్‌ని. పద్మ గారూ, తుమ్ములు నిద్ర లేచినప్పుడే ఎక్కువంటున్నారు గనక ముందు పరుపు మీద అనుమానం పడాలి. దుమ్ము పురుగులు డక్టుల్లో కాదు, పరుపులో, దిండులో, మెత్తటి బొమ్మల్లో, కార్పెట్‌లో ఉంటాయి. పరుపుకీ దిండుకీ జిప్ ఉన్న అలెర్జీ కవర్లు వేయండి. దుప్పట్లు వారానికోసారి 130 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడినీళ్లలో ఉతకండి. బొమ్మల్లో ఒకటి రెండు మాత్రమే మంచం మీద ఉంచండి.

చలికాలం హీట్ వేస్తే గాలి బాగా పొడిబారుతుంది. ముక్కు లోపల ఎండిపోయి దురద, తుమ్ములు, ఒక్కోసారి రక్తం. పది, పదిహేను డాలర్లకి తేమ చూపించే చిన్న మీటర్ దొరుకుతుంది. 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడండి. 50 దాటించొద్దు, దుమ్ము పురుగులకి తేమ అంటే ప్రాణం, కిటికీల మీద బూజు కూడా వస్తుంది. ఇవన్నీ చేశాక కూడా తగ్గకపోతే అలెర్జీ టెస్ట్ చేయించండి. కుక్కకా, పురుగులకా, మరో దానికా అన్నది అప్పుడు తేలుతుంది. కుక్కకే అని వస్తే డక్టులూ కార్పెట్టూ రెండూ శుభ్రం చేయించడంలో అర్థం ఉంది.

ఎడిసన్_పద్మ
డాక్టర్ గారూ, మీటర్ ఇవాళే ఆర్డర్ చేశాను. వాడి మంచం మీద బొమ్మలు పదిహేను దాకా ఉన్నాయి, వాటిని కదిలిస్తే ఇల్లు ఎగిరిపోతుంది. మెల్లగా నచ్చజెప్పాలి.

పెన్నాతీరం
బొమ్మల్ని కవర్లో వేసి ఒక రోజంతా ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత ఉతకండి. చలికి పురుగులు చస్తాయి. "టెడ్డీ మంచుదేశం వెళ్లొచ్చింది" అని మా అమ్మాయికి చెప్పేవాళ్లం.

మిషిగన్_మెకానికల్
పద్మ గారూ, ఫోటోలో ఇంకోటి కనిపించింది, ఇందాకే రాయాల్సింది. డ్రయర్ వెనక తెల్లటి ప్లాస్టిక్ ముడతల గొట్టం ఉంది. అది వెంటనే మార్చండి. హీటింగ్ డక్టుల్లో దుమ్ము చిరాకు పెడుతుంది గానీ డ్రయర్ గొట్టంలో నూగు మంట పెడుతుంది. అమెరికా అగ్నిమాపక విభాగం లెక్కల్లో ఏటా సుమారు 2,900 ఇళ్లలో డ్రయర్ మంటలు, వాటికి మొదటి కారణం శుభ్రం చేయకపోవడమే.

ఎడిసన్_పద్మ
అయ్యో, అది గమనించలేదు. దేంతో మార్చాలి? ఆన్‌లైన్‌లో వెండి రంగు ఫాయిల్ గొట్టాలు కనిపిస్తున్నాయి, అవి పనికొస్తాయా?

మిషిగన్_మెకానికల్
పల్చటి ఫాయిల్ వద్దు, అది కూడా నలిగి నూగు పట్టుకుంటుంది. 4 అంగుళాల గట్టి లోహపు గొట్టం గోడ దాకా వేయండి. డ్రయర్ వెనక వంపు దగ్గర మాత్రం సెమీ రిజిడ్ (కొద్దిగా వంగే) అల్యూమినియం ముక్క వాడొచ్చు, వీలైనంత పొట్టిగా. అతుకులకి స్క్రూలు కొట్టొద్దు, వాటి మొనలకి నూగు చుట్టుకుంటుంది. ఫాయిల్ టేప్, క్లాంప్ చాలు. బయట గోడకున్న మూత డ్రయర్ తిరుగుతున్నప్పుడు పూర్తిగా తెరుచుకుంటోందా కూడా చూడండి.

ఎడిసన్_పద్మ
మూత సగమే తెరుచుకుంటోంది. లోపల పిట్టగూడు ఉంది, ఖాళీదే. శనివారం మావారికి ఇదే పని.